ఎప్పటికైనా వచ్చే నీళ్ళు

ఊటలంక లాకుల దగ్గర పెద్ద కాలువ రెండుగా చీలుతుంది. తూర్పు పాయ ఒకటి, పడమర పాయ ఒకటి. రెండింటికీ చెరొక ఇనుప తలుపు ఉంది. పెద్ద కాలువలో నీరు ఒకసారికి ఒక పాయకే చాలుతుంది కాబట్టి రెండు తలుపులూ ఒకేసారి ఎత్తకూడదు. ఈ సంగతి అక్కడి లస్కర్లకు, అంటే తలుపులు ఎత్తి దించే కాలువ ఉద్యోగులకు, తాతల కాలం నుంచీ తెలుసు. దాన్ని కంప్యూటరుకు కూడా తెలియజెయ్యాలని డెల్టా జల సమన్వయ సంస్థకు బుద్ధి పుట్టింది.

సంస్థ ఒక కంపెనీ చేత రెండు ప్రోగ్రాములు రాయించింది. ఒకటి తూర్పు తలుపుకు, ఒకటి పడమర తలుపుకు. ఏ ప్రోగ్రామైనా ముందు అవతలి తలుపు మూసి ఉందో లేదో చూస్తుంది. మూసి ఉంటే తన తలుపు ఎత్తుతుంది. చదివితే ఇందులో తప్పేమీ కనిపించదు. సంస్థలో పదిహేడు మంది చదివి, పదిహేడు మందీ సంతకాలు పెట్టారు. ఆ రబీ చివర ఒక ఉదయం రెండు ప్రోగ్రాములూ ఒకే క్షణంలో అవతలి తలుపు వంక చూశాయి. రెండూ మూసే ఉన్నాయి. రెండు ప్రోగ్రాములూ ఎత్తాయి. పెద్ద కాలువలో నీరు ఒక్కసారిగా పడిపోయి, నానిన గట్టు రెండు వందల గజాల మేర కాలువలోకి జారింది, దాని మీది రోడ్డుతో సహా. ఆ సమయానికి రోడ్డు మీద ఎవరూ లేకపోవడాన్ని సంస్థ తన ముందుజాగ్రత్త చర్యల కింద రాసుకుంది.

సంస్థ డైరెక్టర్ జనరల్ చెరుకువాడ నరహరి రావు గారు విచారణ సంఘం వేశారు. ఏ ప్రోగ్రాము ముందు చూసిందో తేలితే రెండోదాని మీద బాధ్యత మోపవచ్చని సంఘం ఆలోచన. రెండూ ఒకేసారి చూశాయని తేలడంతో బాధ్యత ఎవరి మీదా మోపడానికి వీల్లేకుండా పోయింది. అప్పుడు నిపుణుల అభిప్రాయం తీసుకోవాలన్నారు.

ఆ నిపుణురాలు డాక్టర్ పసుపులేటి నిరుపమ. విశ్వవిద్యాలయంలో పదకొండేళ్ళుగా ఒకేసారి నడిచే ప్రోగ్రాముల అర్థవిచారం మీద పనిచేస్తోంది. ఒక ప్రోగ్రాము ఒంటరిగా నడిస్తే దాని అర్థం ఒక్కటే. రెండు కలిసి నడిస్తే వాటి అడుగులు కలిపిన పేకముక్కల్లా ఒకదాని మధ్యలోకి ఒకటి దూరతాయి. ఎన్ని రకాలుగా దూరగలవో, వాటిలో ఏ రకం కొంప ముంచుతుందో గణితంతో ముందే రుజువు చేసి చెప్పడం ఆమె పని. ఆమె విభాగంలో ఈ పనిని ఎవరూ అంతగా లెక్కచేసేవారు కాదు. సంస్థ నుంచి ఉత్తరం వచ్చిన రోజు, పదకొండేళ్ళలో మొదటిసారి తన శాస్త్రం ఎవరికో కావలసివచ్చిందని ఆమె నిజంగానే సంతోషించింది.

నివేదిక రాయబోయే ముందు ఆమె ఊటలంక వెళ్ళింది. అక్కడ గుబ్బల వీరాస్వామి అనే లస్కరు ఉన్నాడు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు, రిటైర్మెంటుకు ఇంకో పద్నాలుగు నెలలు. కంప్యూటరు వచ్చాక అతణ్ణి తెర ముందు కూర్చోబెట్టి, గంటగంటకూ తెర మీద ఉన్నది పుస్తకంలో ఎక్కించమన్నారు. పాత రోజుల్లో ఎలా చేసేవారని ఆమె అడిగితే చెప్పాడు. తలుపులు ఎత్తే చక్రాలకు గొలుసులు ఉండేవి, గొలుసులకు తాళాలు. ఒక తాళంచెవి తూర్పు గదిలో, ఒకటి పడమర గదిలో. ఏ తలుపు ఎత్తాలన్నా రెండు చెవులూ ఒకరి చేతిలోనే ఉండాలి. అది కూడా ముందు తూర్పు చెవి తీసుకోవాలి, తరవాతే పడమర చెవి.

"పడమర తలుపు ఎత్తాలన్నా ముందు తూర్పు చెవేనా?" అంది నిరుపమ.

"ఆయ్, అంతేనండి. ఒకళ్ళు ఒకటి, ఇంకొకళ్ళు ఇంకోటి అట్టుకుని కూకుంటే ఇంకెవరు ఎత్తుతారండి తలుపు?"

ఆమె ఆ మాటను ఉన్నదున్నట్టు పుస్తకంలో రాసుకుంది. అదే సంగతిని రుజువు చెయ్యడానికి తాను ఒకప్పుడు ఒక సెలవుల కాలమంతా ఖర్చుపెట్టిన విషయం అతనికి చెప్పలేదు.

ఆమె నివేదిక తొమ్మిది పేజీలు. అవతలి తలుపును చూడటానికీ తన తలుపును ఎత్తడానికీ మధ్య సందు ఉంది, ఆ సందులో రెండోది దూరింది, కాబట్టి ప్రోగ్రాములో రెండు లాకులు పెట్టి, రెండు ప్రోగ్రాములూ ముందు తూర్పు లాకును, తరవాత పడమర లాకును పట్టుకునేలా రాయాలి అన్నది దాని సారాంశం.

మొదటి సమావేశం లాకు అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఊటలంకలో నూరేళ్ళ కిందటే లాకులు కట్టి ఉండగా మళ్ళీ లాకులు పెట్టమనడం అనవసర నిర్మాణమవుతుందని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పాడు. నిరుపమ ఆ మాట తీసేసి తాళం అని రాసింది. రెండో సమావేశంలో స్టోర్సు అధికారి తాళాల సైజు అడిగాడు. మూడో సమావేశానికి ఆమె విసిగి అనుమతి అని మార్చింది. ఆ మాట వినగానే సభ్యులందరి ముఖాలూ వికసించాయి. ఇన్నాళ్ళకు ఈ శాస్త్రం తమకు అర్థమైందన్నారు.

అయితే పడమర విభాగపు ఇంజనీరు లేచి, తన తలుపు తాను ఎత్తుకోవడానికి ప్రతిసారీ ముందుగా తూర్పు విభాగం గడప తొక్కవలసిన అగత్యం ఏమిటని అడిగాడు. తూర్పు ఇంజనీరు అది క్రమశిక్షణ అన్నాడు. పడమర ఇంజనీరు అది అవమానం అన్నాడు. గంటన్నర వాదన తరవాత నరహరి రావు గారు కళ్ళు మూసుకుని తీర్పు చెప్పారు.

"సమానత్వ సూత్రమును పురస్కరించుకొని ప్రతి విభాగమూ ప్రప్రథమంగా తన స్వంత అనుమతిని పొంది, తదుపరి ఎదుటి విభాగపు అనుమతిని గౌరవపూర్వకముగా అర్థించవలెను. ఒకసారి పొందిన అనుమతిని పని పూర్తయ్యే వరకు విడువరాదు."

నిరుపమ బోర్డు దగ్గరికి వెళ్ళి నాలుగు గీతలు గీసి చూపించింది. తూర్పు ప్రోగ్రాము తూర్పు అనుమతి పట్టుకుంటుంది. సరిగ్గా అప్పుడే పడమర ప్రోగ్రాము పడమర అనుమతి పట్టుకుంటుంది. ఇక ఒకదానికి కావలసింది రెండోదాని దగ్గర ఉంటుంది, రెండూ వదలవు, ఏ తలుపూ ఎప్పటికీ లేవదు.

"ఎన్నిసార్లకు ఒకసారి అలా జరుగుతుందమ్మా?" అన్నారు నరహరి రావు గారు.

"ఎన్నిసార్లకో చెప్పలేనండి. ఇరుక్కునే దారి ఉంది. ఉందని రుజువు చేశాను."

"మా ప్రొఫార్మాలో దారి అనే గడి లేదు. శాతం అనే గడి ఉన్నది."

ఆమె శాతం చెప్పలేదు కాబట్టి గుమస్తా ఆ గడిలో సున్నా వేశాడు. తరవాత పరీక్షలు మూడు వందలు చేశారు. పరీక్ష గదిలో కుర్చీ ఒక్కటే ఉండటం వల్ల ఒకే గుమస్తా ముందు తూర్పు బొత్తాం నొక్కి, తలుపు ఎత్తి దించాక కుర్చీ జరుపుకుని పడమర బొత్తాం నొక్కేవాడు. రెండు పనులు ఒకేసారి చేస్తే ఏమవుతుందో తెలుసుకునే పరీక్షను ఆ విధంగా ఒకదాని తరవాత ఒకటిగా మూడు వందల సార్లు చేసి, మూడు వందల సార్లూ విజయం సాధించారు.

జూలై మొదటి వారంలో ప్రారంభోత్సవం పెట్టారు. సమాన హోదా గల పెద్దలు ఇద్దరు వచ్చారు. ఎవరు ముందు నొక్కాలన్న సమస్య రాకుండా చెరొక బొత్తాం అమర్చారు. పది గంటల నలభై రెండు నిమిషాలకు ముహూర్తం. పురోహితుడు చెయ్యి ఊపగానే ఇద్దరూ ఏమాత్రం తేడా లేకుండా కలిసి నొక్కారు. తెర మీద తూర్పు గడిలో "వేచి ఉంది" అని వచ్చింది. పడమర గడిలోనూ "వేచి ఉంది" అనే వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. పావుగంట సేపు అందరూ కాలువ వంక చూశారు. పెద్దలు జీడిపప్పు తిని, కాఫీ తాగి, నీళ్ళు చూడకుండానే వెళ్ళిపోయారు. వ్యవస్థ మొదటి రోజే ఇంత ఓర్పు ప్రదర్శించడం ఆనందదాయకమని నరహరి రావు గారు విలేకరులతో అన్నారు.

మర్నాడూ వేచి ఉంది. వారం తరవాతా వేచే ఉంది. కంపెనీవాళ్ళను అడిగితే కంప్యూటరు ఒకసారి ఆపి మళ్ళీ పెట్టమన్నారు. పెండింగులో దరఖాస్తులు ఉండగా వ్యవస్థను ఆపరాదని సంస్థ నియమం. పెండింగులో రెండు దరఖాస్తులున్నాయి, తూర్పుది ఒకటి, పడమరది ఒకటి.

నిరుపమ తనంతట తానే వచ్చి నరహరి రావు గారిని కలిసింది. ఆయన ఆమె నివేదికనే తీసి ఆరో పేజీ చూపించారు. అందులో ఆమె ఇలాంటి వ్యవస్థ రెండు హామీలు ఇవ్వాలని రాసింది. మొదటిది, చెడు ఎన్నడూ జరగకూడదు, అంటే రెండు తలుపులూ కలిసి తెరుచుకోకూడదు. రెండోది, మంచి ఎప్పటికైనా జరగాలి, అంటే అడిగిన తలుపు ఎప్పటికైనా తెరుచుకోవాలి. మొదటి హామీ నూటికి నూరు పాళ్ళు నెరవేరుతోందని ఆయన అన్నారు. ఏ తలుపూ తెరవకపోవడమే చాలంటే ఆ హామీని బండరాయి కూడా నెరవేరుస్తుందని ఆమె అంది. రెండో హామీ ఇంకా తప్పలేదని ఆయన అన్నారు. ఎప్పటికైనా అన్న మాటకు ఫలానా తేదీ లేదు. ఏ రోజు చూసినా రేపు మిగిలే ఉంటుంది. కనుక ఏ రోజునా ఆ హామీ తప్పినట్టు కాదు.

ఆ మాట ఆమె శాస్త్రంలో నిజంగా అలాగే ఉంటుంది. రోజులు లెక్కపెట్టి దాన్ని కాదనలేరు. కానీ ఇక్కడ రోజులతో పనిలేదు, ఇరుక్కున్న ప్రోగ్రాముకు ముందుకు అడుగే లేదు, కాబట్టి మంచి ఏనాటికీ జరగదని ఇప్పుడే చెప్పవచ్చు అని ఆమె మళ్ళీ మొదటి నుంచి వివరించింది. నరహరి రావు గారు మర్యాదగా విని, ఆమెకు మజ్జిగ తెప్పించారు. ఆయన మనసంతా ఎప్పటికైనా అన్న ఆ ఒక్క మాట మీదే ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో అంత అందమైన మాట ఆయనకు తగల్లేదు.

ఆ వారమే ఉత్తర్వు వెలువడింది. సంస్థకు వచ్చే ప్రతి అర్జీకీ "మీ అర్జీ ఎప్పటికైనా పరిష్కరించబడును" అని జవాబు ఇవ్వాలి. పొరుగు శాఖలు నకలు కోసం మనుషుల్ని పంపాయి. ఆ ఊపులో నరహరి రావు గారు అనుమతుల పద్ధతిని ఆఫీసు మొత్తానికీ వర్తింపజేశారు. ప్రతి సెక్షనూ ముందు తన ముద్ర చేతిలోకి తీసుకుని, అది వదలకుండా పక్క సెక్షను ముద్ర కోరాలి. గురువారానికల్లా అన్ని సెక్షన్లలోనూ అందరూ తలా ఒక ముద్ర పట్టుకుని పక్కవాళ్ళ వంక చూస్తూ కూర్చున్నారు. క్యాంటీనులో గరిటె పట్టుకున్నవాడు పళ్ళేల కోసం, పళ్ళేలు పట్టుకున్నవాడు గరిటె కోసం ఆగడంతో భోజనాలు లేవు. నరహరి రావు గారు హాలంతా కలయదిరిగారు. ఒక్క తప్పు కూడా జరగని ఆఫీసును ఆయన జీవితంలో మొదటిసారి చూశారు.

ప్రారంభోత్సవం జరిగిన పందొమ్మిదో రోజున మేడిశెట్టి సత్తెమ్మ ఆ హాల్లోకి వచ్చింది. ఆమెది పడమర పాయ చిట్టచివర రెండెకరాల కౌలు. తొలకరి వాన నమ్ముకుని నారు పోసింది. కాలువ వస్తే ఊడ్చుకోవాలి, నారు తీసి చేలో నాటుకోవాలి. నారు ముదిరిపోయింది, కొసలు పసుపెక్కాయి. నమ్మరేమోనని ఒక కట్ట పీకి తువ్వాల్లో చుట్టి తెచ్చింది. గుమస్తా ఆమె అర్జీ తీసుకుని జవాబు కాగితం చేతిలో పెట్టాడు. మళ్ళీ ఒకసారి చెప్పి చూద్దామని వచ్చిన నిరుపమ వరండాలో కనిపిస్తే, చదువుకున్న మనిషిలా ఉందని, ఆ కాగితం చదివి పెట్టమంది. నిరుపమ చదివింది.

"ఎప్పటికైనా అంటే ఏ వారమండి?" అని సత్తెమ్మ అడిగింది.

ఆమె వెటకారంగా అడగలేదు. నిజంగా తెలుసుకుని వెళదామనే అడిగింది. నిరుపమ ఆ నారుకట్ట వంక చూసింది. ఆ మాట తన ఆరో పేజీలోంచి వచ్చినది. నాతో రండి అని సత్తెమ్మను వెంటబెట్టుకుని ఊటలంక బస్సు ఎక్కింది.

లాకుల దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. వీరాస్వామి పుస్తకంలో "వేచి ఉంది" అని నాలుగు వందల యాభయ్యో సారి కాబోలు రాస్తున్నాడు. నిరుపమ అతణ్ణి తలుపు ఎత్తమని అడగలేదు. ప్రోగ్రాము ఇరుక్కుంది, దాని లోపలి నుంచి ఇక ఏ కదలికా రాదు, వస్తే బయటి నుంచే రావాలి అని చెప్పి ఊరుకుంది. అతను కాసేపు కాలువ వంక చూశాడు. కాసేపు సత్తెమ్మ తువ్వాలు వంక చూశాడు.

"ఆ ముక్క మీరు కాయితం మీద రాసి సంతకం ఎడతారాండి?"

ఆమె రాసి, సంతకం పెట్టి, తారీఖు వేసి ఇచ్చింది. అతను దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ముందు తూర్పు గదికి వెళ్ళి ఒక చెవి తెచ్చాడు. తరవాత పడమర గదికి వెళ్ళి రెండో చెవి తెచ్చాడు. పడమర తలుపును మోటారు నుంచి విడదీసే పిన్ను లాగేసి, గొలుసు విప్పి చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. నెలల తరబడి గ్రీజు లేని చక్రం మొరాయించింది. సత్తెమ్మ కొంగు బిగించి రెండో వైపు పట్టుకుంది. నిరుపమ కూడా వెళ్ళి ఒక చెయ్యి వేసింది. నూట నలభై చుట్లు తిప్పాక తలుపు జానెడు లేచింది. నీళ్ళు పడమర పాయలోకి ఉరికాయి.

మూడు రోజులు పడమరకు, మూడు రోజులు తూర్పుకు అని వీరాస్వామి వంతులు పెట్టాడు. తెర మాత్రం మారలేదు. కాళ్ళ కింద కాలువ పారుతుంటే అతను గంటగంటకూ తెర చూసి, ఉన్నదే, "వేచి ఉంది" అనే రాశాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. సత్తెమ్మ నారులో సగం చచ్చింది. మిగిలిన సగాన్ని పలచగా ఊడ్చుకుంది.

పదిరోజుల తరవాత తనిఖీకి వచ్చిన జీపు కాలువలో నీళ్ళు చూసింది. వీరాస్వామికి ఛార్జి మెమో వచ్చింది. రుజువైతే పింఛనుతో సహా ఉద్యోగం పోతుంది. విచారణ రోజున ఒక పక్క తూర్పు ఇంజనీరు, ఒక పక్క పడమర ఇంజనీరు, మధ్యలో నరహరి రావు గారు కూర్చున్నారు. వీరాస్వామి ఉతికిన చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిరుపమ కాగితం మొదటే చూపించాడు. ఆ కాగితం నిపుణుల అభిప్రాయం కిందికి వస్తుందే తప్ప అనుమతి కిందికి రాదని తూర్పు ఇంజనీరు తోసిపుచ్చాడు, పడమర ఇంజనీరు అవునన్నాడు. ఆ ఇద్దరు ఇంజనీర్లూ ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి అంశం అదే.

నరహరి రావు గారికి మాత్రం ఒక ఇబ్బంది ఉంది. ప్రమాదరహిత వ్యవస్థగా సంస్థకు దిల్లీలో ప్రశంసాపత్రం ఖాయమైంది. నీళ్ళు చేత్తో వదిలారని రికార్డుల్లోకి ఎక్కితే, వ్యవస్థ వదల్లేదని కూడా ఎక్కినట్టే. ఆయన నిరుపమను నిపుణురాలిగా పిలిపించి చాలా జాగ్రత్తగా అడిగారు.

"మీ శాస్త్రమును అనుసరించి, వ్యవస్థ వేచి ఉన్న స్థితి నుండి తలుపు తెరుచుకొనుటకు ఏదేని మార్గము కలదా?"

ఆయన ఎందుకు అడుగుతున్నారో ఆమెకు అర్థమైంది. శాస్త్రం చెప్పినంతవరకే చెబుదామా, నీళ్ళు పారడం కళ్ళారా చూశానని చెబుదామా అని ఒక క్షణం ఊగిసలాడింది. వీరాస్వామి ఆమె వంక చూడటం లేదు, తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

"లేదండి," అంది. "ఆ ప్రోగ్రాముకు అక్కడి నుంచి ఒక్క అడుగు కూడా లేదు. ఏనాటికీ ఉండదు."

"అనగా నీరు విడుదల కాలేదు."

"మీ ప్రోగ్రాము ప్రకారం కాలేదు."

నరహరి రావు గారు అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. నిపుణుల వాంగ్మూలమూ, లస్కరు స్వహస్తంతో రాసిన పుస్తకమూ ఏకగ్రీవంగా నీరు విడుదల కాలేదని చెబుతున్నాయి. విడుదల కాని నీటిని అక్రమంగా విడుదల చేయుట అసంభవం. అభియోగం కొట్టివేయడమైనది. జీపులో వెళ్ళి నీళ్ళు చూసిన అధికారిని కంటి పరీక్షకు పంపవలెను.

మెట్లు దిగుతూ వీరాస్వామి ఆమెకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అతని ఉద్యోగం నిలబడింది. పదకొండేళ్ళుగా అబద్ధాన్ని పట్టుకోవడానికి నేర్చుకున్న విద్య, ఆ పూట ఒక అబద్ధానికి ముద్ర వేసింది. ఆ రెండూ ఒకే వాక్యంలో జరిగాయి.

కథ అక్కడితో ఆగలేదు. ఆ సీజనులో నీరే విడుదల కానందున ఊటలంకలో లస్కరు అవసరం లేదని, వీరాస్వామిని హెడ్డాఫీసుకు బదిలీ చేసి, అర్జీల జవాబులు కవర్లలో పెట్టే పని ఇచ్చారు. అతను మిగిలిన సెలవులన్నీ ఒక్కసారిగా పెట్టేసి, వరి పాలు పోసుకునేదాకా లాకుల దగ్గరే ఉండి వంతులు తప్పకుండా తలుపులు ఎత్తి దించాడు. సెలవులో ఉన్న మనిషి ఎక్కడుంటాడో అడిగే గడి ఏ ప్రొఫార్మాలోనూ లేదు. దిల్లీ ప్రశంసాపత్రం వచ్చింది. దాని కింద కృతజ్ఞతల జాబితాలో తన పేరు చూసి, దాన్ని తీసెయ్యమని నిరుపమ ఉత్తరం రాసింది. ఎప్పటికైనా తొలగించబడునని జవాబు వచ్చింది.

కార్తీకం వెళ్ళాక పంటలు నమోదు చేసే ఉద్యోగి ట్యాబు పట్టుకుని సత్తెమ్మ పొలానికి వచ్చాడు. యాభై ఏళ్ళ నెమ్మదైన మనిషి. నడుం దాకా వచ్చిన చేలో నిలబడి సర్వే నెంబరు కొట్టాడు. నీరు విడుదల కాని పాయ కనుక ట్యాబులో ఒక్క గడే తెరుచుకుంది, ఖాళీ భూమి అని. దాన్ని నొక్కి, ఫోటో తీసి, సత్తెమ్మను వేలితో సంతకం చెయ్యమన్నాడు. ఏం రాశారని అడిగితే దాచకుండా చదివి వినిపించాడు. ఖాళీ భూమిలో పండిన ధాన్యాన్ని కొనుగోలు కేంద్రంలో దింపనివ్వరని, తనకూ బాధగానే ఉందని కూడా చెప్పాడు.

సత్తెమ్మ చుట్టూ ఒకసారి చూసుకుంది. బరువుకు వంగిన వెన్నులు అతని మోచేతులకు తగులుతున్నాయి. సంతకం పెట్టకపోతే మళ్ళీ ఆ ఆఫీసుకు వెళ్ళాలని ఆమెకు తెలుసు. తెర మీద వేలితో పేరు రాసి, ట్యాబు తిరిగి ఇచ్చేసింది.

"చూసుకుని ఎల్లండి బాబూ. ఈ లేని చేలో పాములు తిరుగుతున్నాయి," అంది.

అతను ప్యాంటు మోకాళ్ళ పైకి మడుచుకుని, రెండు చేతులతో వరి దుబ్బులు పక్కకు తప్పించుకుంటూ, ఒక్కొక్క అడుగూ చూసి వేసుకుంటూ గట్టు ఎక్కాడు.